మూడుకీ నాలుగుకీ మధ్య

ఆమె మొగుడికి తాగుడు లేదు, తిరుగుడు లేదు, చీటికీ మాటికీ కేకలేసే గుణం అంతకన్నా లేదు. అదే ఆమెకొచ్చిన కష్టం. వాటిలో ఏ ఒక్కటున్నా పక్కింటావిడ దగ్గర కూర్చుని కాసేపు ముక్కు చీదుకోవచ్చు, ఆవిడ కూడా రెండు ఓదార్పు మాటలు చెప్పేది. "మా ఆయన దేన్ని చూసినా తనిఖీ చేస్తాడండీ" అంటే ఎవరు జాలిపడతారు? "అదృష్టవంతురాలివి, మా ఇంట్లో బల్బు కాలిపోయినా ఎవరికీ కనపడదు" అని పైపెచ్చు కుళ్ళుకుంటారు.

ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. పొద్దున్నే బయల్దేరి పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు ఎక్కి దిగి, తలుపులు తట్టి, తాళ్ళు చూసి, బాగుంటే సంతకం పెడతాడు, బాగోకపోతే "వాడరాదు" అని ఎర్రచీటీ కట్టి వస్తాడు. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ఆ ఎర్రచీటీలు కొన్ని ఆయన జేబులో పడి ఇంటికొస్తాయి, చిక్కంతా అక్కడ. మిక్సీ మూత కాస్త వదులైందని దానికో చీటీ. బాల్కనీలో పీట ఊగుతోందని దానికో చీటీ. పైగా కట్టినవాడే విప్పాలట, వాళ్ళ ఆఫీసు పద్ధతి. కట్టినవాడేమో మర్చిపోతాడు. మిక్సీ మెడలో ఎర్రచీటీ వేసుకుని పెళ్ళికూతురిలా గట్టు మీద కూర్చుంటే, ఆమె చిన్నరోట్లో దంచుకుని దంచుకుని, చివరికి ఓ రోజు చీటీతో సహా మిక్సీ తిప్పేసింది. కొంపేం మునగలేదు.

ఇదంతా ఆమె భరించింది. భరించలేకపోయింది ఆట సంగతి.

శనివారం సాయంత్రం టీవీ కట్టేసి, ఫోన్లు సొరుగులో పడేసి, భోజనాల ముందు నలుగురూ కూర్చుని ఏదో ఒక ఆట ఆడాలన్నది ఆ ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. నలుగురంటే ఆయన, ఆమె, ఆయన తల్లి, పదమూడేళ్ళ కూతురు. పిల్లని నానమ్మ ముద్దుగా పిచ్చుక అనడంతో అందరూ పిచ్చుకనే అంటారు. కొన్న ఆటలన్నీ ఒక్కొక్కటే మూలపడ్డాయి. ఒకదాని పావుల్ని సోఫా మింగేసింది. ఇంకోదాని అట్ట మీద అత్తగారు టీ ఒలకబోస్తే అది తెల్లారేసరికి ఉబ్బిపోయి, ఏ పావు పెట్టినా జారుడుబల్ల మీదలా దిగిపోయేది.

"కొనడమెందుకు, నేనే చేస్తా" అంది పిచ్చుక.

కొత్త ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెలో ఒక పక్క కోసి, దాని మీద వాళ్ళ భవనమే గీసింది. అయిదంతస్తులు. ఎడమ పక్క మెట్లు, కుడి పక్క లిఫ్టు, పైన డాబా, డాబా మీద తీగకి ఆరేసిన బట్టలు. ఆకాశంలో గళ్ళు గీసి, ఆ గళ్ళలో నడవడానికి దూదితో ఓ మబ్బు చేసింది. అందరూ ఒక చుట్టు ఆడగానే మబ్బు ఒక గడి ముందుకొస్తుంది. మబ్బు కంటే ముందు డాబా ఎక్కి బట్టలు తీసినవాళ్ళు గెలిచినట్టు. మబ్బే ముందొస్తే బట్టలు తడిసి అందరూ ఓడినట్టు. దారి పొడుగునా గళ్ళలో పిల్ల చేతిరాత: "రెండో అంతస్తు ఆవిడ కబుర్లకి పట్టుకుంది, రెండు ఆటలు పోయాయి." "చెప్పు తెగింది, కుంటుకుంటూ సగమే నడువు." "బట్టల క్లిప్పులు కిందే మర్చిపోయావు, దిగు." పావులకి ఇంట్లో దొరికినవే. నానమ్మకి చలికోటు గుండీ, నాన్నకి ఇత్తడి నట్టు, పిల్లకి పిచ్చుకలా కోసిన రబ్బరు, ఆమెకి కుక్కరు విజిల్. ఆ విజిల్ పుణ్యమా అని శనివారాలు వంట ముందే ముగించాల్సి వచ్చేది.

ఆమె అన్ని గళ్ళూ చదివి నవ్వుకుంటూ లిఫ్టు దగ్గరికొచ్చి ఆగింది. మూడుకీ నాలుగుకీ మధ్య గడిలో ఇలా ఉంది: "లిఫ్టు ఆగిపోయింది. నీ తప్పేం కాదు. ఒక్క ఆట ఆగి పైకి వెళ్ళు."

ఆమె దాన్ని మళ్ళీ చదివింది. ఎందుకంటే వేసవి సెలవుల్లో వాళ్ళ భవనం లిఫ్టు నిజంగానే అక్కడ ఆగింది. లోపల నానమ్మా పిచ్చుకా ఉన్నారు. ఆ పొద్దున్నే గేటు దగ్గర కింది వాటావాళ్ళు ఆయన్ని పట్టుకుని, "సార్, లిఫ్టు కుదుపుతోంది, ఒక్కసారి చూడరా" అని బతిమాలారు. ఆయన బూటు లేసు కట్టుకుంటూ, తలైనా ఎత్తకుండా, "పట్టాలకి నూనె తక్కువై ఉంటుంది. ఏం కాదు, బాగానే ఉంది" అనేసి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికల్లా ఆగింది. సాయంత్రం ఇంటికొచ్చి, తల్లి ఎలా ఉందో కూడా అడక్కుండా, పిల్లని అడిగిన మొదటి మాట: "లోపల గెంతావా?"

"లేదు నాన్నా."

"గెంతకుండా అలా మధ్యలో ఆగదు."

తర్వాత లిఫ్టు కంపెనీవాళ్ళొచ్చి తలుపు దగ్గర ఏదో భాగం అరిగిపోయిందని మార్చి వెళ్ళారు. ఆ సంగతి వాచ్‌మన్ చెబితే ఆయన "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ తర్వాత ఇంకో మాట రాలేదు. స్కూలు కబుర్లన్నీ తండ్రి చెవిలో పోస్తే గానీ బూట్లు కూడా విప్పని పిల్ల, అప్పట్నుంచి ఏం అడిగినా "బాగానే ఉంది" అని ఊరుకోవడం మొదలెట్టింది. ఆయన పక్కన కుదురుగా కూర్చునేది శనివారం ఆ ఒక్క గంటే.

"ఈ ఆటని కూడా నాన్న పాడుచేస్తే నేనింక శనివారాలు కూర్చోను," అని వంటింట్లో తల్లితో అంది, గొంతు పెంచకుండా. "మీరు ముగ్గురూ ఆడుకోండి."

పిల్ల అలిగి అన్న మాటైతే ఆమె పట్టించుకునేది కాదు. ఇది అలక కాదు.

ఇక ఆయన తొలి శనివారం ఏం చేశాడో చెప్పాలి. అట్ట మీదికి వంగి, లిఫ్టు గడి ఒకటికి రెండుసార్లు చదివాడు. పిల్ల ఆయన మొహమే చూస్తోంది. ఆమె కూడా.

"లిఫ్టు అలా ఆగదు," అన్నాడు. "ఆగినా తలుపు తెరుచుకుని పైకెళ్ళిపోవడం చాలా ప్రమాదం. ఇది పిల్లలకి తప్పుడు సమాచారం."

"ఇక్కడున్న పిల్ల అదొక్కతే. రాసింది కూడా అదే," అంది ఆమె.

అప్పటికే జేబులోంచి ఎర్రచీటీ వచ్చింది. అట్ట మూల బొక్క పొడిచి కట్టేశాడు. లోపం సవరించేదాకా ఆట వాడరాదు.

నిజానికి ఆయన బాధేంటో ఆమెకి తెలియకపోలేదు. రోడ్డు మీద కనపడ్డ ప్రతివాడూ, పెళ్ళిలో పక్క కుర్చీలో కూర్చున్నవాడూ, పళ్ళు పీకే డాక్టరుతో సహా, "మీరు లిఫ్టులు చూస్తారటగా, మా లిఫ్టు మొన్న ఆగిపోయిందండీ" అనే మొదలెడతారు. కనీసం ఇంట్లో, అట్టముక్క మీదైనా, ఒక్క లిఫ్టు ఆగకుండా నడవాలని ఆయన కోరిక. కోరికలో తప్పులేదు. ఆ అట్టముక్క పిల్లదన్న సంగతే ఆయనకి గుర్తులేదు.

మరుసటి వారానికి పిల్ల రాసిన గడి మీద తెల్లకాగితం అంటుకుంది. దాని మీద ఆయన రాత: "ప్రయాణికుల అజాగ్రత్త వల్ల లిఫ్టు నిలిచిపోయినది. నిబంధన ఏడు చూడుము." నిబంధనలు విడిగా ఇంకో కాగితం మీద ఉన్నాయి. లిఫ్టు ఎక్కే ముందు పావుల బరువు చూడాలట. దానికి వంటింటి తక్కెడ తెచ్చాడు. కుక్కరు విజిల్ బరువు ఎక్కువని ఆమెని ఎప్పుడూ మెట్ల మీదే నడిపించాడు.

"అంటే నేను లావంటారు," అంది ఆమె.

"నువ్వు కాదు, విజిల్."

"ఎవరికి తెలుసు, పెళ్ళయిన కొత్తల్లో గుండీలాగే ఉండేదేమో."

తక్కెడలో తూచేలోపల మబ్బు వచ్చేసింది. బట్టలు తడిశాయి. తర్వాతి వారం మెట్లకి రెయిలింగు ఎత్తు సరిపోలేదని మెట్లన్నీ మూసేశాడు, బట్టలు మళ్ళీ తడిశాయి. ఇంకో వారం అత్తగారు డాబాకి మూడు గళ్ళ దూరంలోకొచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ డాబా మొహం చూసి ఎన్నాళ్ళయిందో, అట్ట మీదైనా ఎక్కేస్తున్నానని గుండీని ముద్దుపెట్టుకుని మరీ పాచిక తీసుకుంది. సరిగ్గా అప్పుడు కొడుక్కి డాబా తలుపు గడియ బయటివైపుందా లోపలివైపుందా అని అనుమానం వచ్చింది. ఎర్రచీటీ.

"ఒరేయ్, నిన్ను కన్నందుకు నాకు కట్టరా ఆ చీటీ," అంది అత్తగారు. ఆయన మంచినీళ్ళకి లేచి వెళ్ళి వచ్చేసరికి ఆవిడే ఓ చీటీ సంపాదించి, ఆయన ఇత్తడి నట్టుకి కట్టి పెట్టింది. "మర అరిగిపోయింది. వాడరాదు."

పిచ్చుక నవ్వింది. చాలా రోజులకి తండ్రి ముందు పగలబడి నవ్వింది. ఆయన మాత్రం నవ్వకుండా పెన్ను తీసి కొత్త నిబంధన రాశాడు: ఆట మొదలయ్యాక ఎవరూ చీటీ కట్టరాదు, నిబంధన మార్చరాదు. పిల్ల నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆమెకి ఆ పెన్ను లాక్కుని కిటికీలోంచి పారేయాలనిపించింది. బంగాళాదుంపలు తొక్క తియ్యాలి కాబట్టి వంటింట్లోకి వెళ్ళింది.

ఆ దుంపల దగ్గరే, నిబంధనల కాగితం ముందేసుకుని మొదటిసారి పూర్తిగా చదివింది. పెళ్ళయ్యాక డిగ్రీ పట్టా పెట్టెలో పడేసినా, చదివినది అర్థం చేసుకునే అలవాటు మాత్రం పోలేదు. నిబంధన ఏడు: "లిఫ్టులో ఉండగా పాచిక ఒకటి పడినచో లిఫ్టు నిలిచిపోయినట్టు. తనిఖీ అధికారి బయట నుండి తెరిచే వరకు లోపలివారు కదలరాదు. అప్పటి వరకు లిఫ్టును ఇతరులెవ్వరూ వాడరాదు. తనిఖీ అధికారి: నాన్న."

ఆ చివరి మాట మీద ఆమె కత్తి మొన ఆనించింది.

"ఏమండీ," అని పిలిచింది, గొంతులో ఏ మార్పూ లేకుండా. "అధికారి మీరొక్కరేనా?"

"మరి? అందరూ అధికారులైతే ఇంకేముంది."

"కాదు లెండి, మీకు వీలుకాని పరిస్థితి వస్తే నన్ను తెరవమంటారా అని."

"నీకు శిక్షణ లేదు కదా."

"లేదు లెండి," అంది ఆమె, దుంపకున్న నల్లమచ్చని శుభ్రంగా తవ్వి తీసేస్తూ.

తర్వాతి శనివారం ఆమె ఎందుకో హుషారుగా వంట ముగించి, కుక్కరు విజిల్ కడిగి తుడిచి, అందరికంటే ముందు బల్ల దగ్గర కూర్చుంది. పిచ్చుక చివరికొచ్చి, కుర్చీ అంచున కూర్చుంది, లేచి పోవడానికి వీలుగా. ఆట నడిచింది. ఆమె మెట్లెక్కింది, అత్తగారు రెండో అంతస్తు ఆవిడ కబుర్లలో ఇరుక్కుంది, పిల్ల మూడో అంతస్తు చేరింది. ఆయన తన నట్టుని తక్కెడలో తూచి, బరువు సరిపోయిందని తనకి తానే ప్రకటించి, దర్జాగా లిఫ్టెక్కి పాచిక వేశాడు. అది దొర్లి దొర్లి అత్తగారి కళ్ళజోడు పెట్టెకి తగిలి ఆగింది.

ఒకటి.

ఆయన నట్టుని మూడుకీ నాలుగుకీ మధ్య పెట్టాడు. "ఇప్పుడు అధికారి వచ్చి..." అని మొదలెట్టి, సగంలో ఆగాడు.

"అధికారి ఏరీ?" అంది ఆమె.

"నేనే."

"ఎక్కడున్నారు?"

ఆయన నట్టు వంక చూశాడు. చెయ్యి జేబులోకి వెళ్ళింది. "ఇది లోపం. ఆట ఆపండి."

"చీటీ కట్టడానికి లేదు. నిబంధన మార్చడానికీ లేదు. మీ రాతే," అని ఆమె కాగితం తిప్పి ఆయన ముందు పెట్టింది. "అత్తయ్యా, మీ వంతు."

"నాదా?" అని అత్తగారు ఆత్రంగా పాచిక అందుకుంది. "మీరిద్దరూ పోట్లాడుకోండమ్మా, నేను పైకెళ్ళాలి."

ఆట సాగింది. ఆయన వంతు వచ్చినప్పుడల్లా దాన్ని వదిలేసి పాచిక తర్వాతివాళ్ళకి ఇచ్చేశారు. మొదట్లో ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తనకేం పట్టనట్టు చేతులు కట్టుకున్నాడు. తర్వాత వేళ్ళు విరిచాడు. ఆ తర్వాత ఎవరి పావు ఎటు కదపాలో సలహాలు చెప్పబోయాడు.

"లిఫ్టులోంచి వినపడదు," అంది ఆమె.

"ఒరేయ్, లోపల గాలాడుతోందా?" అంది అత్తగారు.

"అమ్మా, వేళాకోళం ఆపు."

"వేళాకోళమేంట్రా. ఆ వేళ వాచ్‌మన్ మమ్మల్ని అడిగిందీ ఇదే. నాకు నోట మాట రాలేదు. చెమటలు పట్టేశాయి. పిచ్చుకే చెప్పింది, ఆడుతోంది అంకుల్ అని. నన్ను కింద కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, తలుపు తీసేదాకా వదల్లేదు. నా పెళ్ళిలో ఎవరెవరు అలిగారో అన్నీ వరసగా అడిగి చెప్పించుకుంది, నాకు భయం తెలియకుండా. గెంతడం కాదు కదా, నా కాళ్ళు వణుకుతుంటే తన కాళ్ళు అడ్డం పెట్టింది. నీకిది ఎన్నిసార్లు చెప్పబోయినా, నీకు తెలీదమ్మా, నీకు తెలీదమ్మా అని లేచిపోయావు. ఇప్పుడెక్కడికి పోతావు? కదలరాదుగా."

ఆయనకి నిజంగానే చేసే పనేం లేదు. వేసే పాచిక లేదు, రాసే నిబంధన లేదు. వినాల్సి వచ్చింది. వింటూ వింటూ తక్కెడ పళ్ళేన్ని వేలితో కిందికి నొక్కి వదులుతూ కూర్చున్నాడు.

మబ్బు డాబాకి ఒక్క గడి దూరంలోకి వచ్చింది. పిచ్చుక రబ్బరు క్లిప్పుల కోసం ఓసారి కిందికి దిగొచ్చి, మళ్ళీ మూడో అంతస్తు లిఫ్టు తలుపు ముందుంది. ఆరు పడింది. లిఫ్టు ఖాళీగా ఉంటే ఆరుకి నేరుగా డాబా. లిఫ్టు ఖాళీగా లేదు. మెట్ల మీద ఆరు గళ్ళు నడిస్తే నాలుగో అంతస్తు కూడా దాటదు. ఆమె పావూ అత్తగారి పావూ ఇంకా వెనకే ఉన్నాయి.

పిల్ల తన రబ్బరు తీసి జేబులో వేసుకుంది. తర్వాత మబ్బుని పట్టుకెళ్ళి తనే డాబా మీద పెట్టేసింది.

"తడిశాయి," అంది. "ఇంక చాలు. అట్టని కిందున్న చెత్తకుండీలో పడేస్తాలే."

"అలా కాదే, ఆగు," అన్నాడాయన, హడావిడిగా పెన్ను వెతుక్కుంటూ. "ఈ ఆట అయిపోయిందిగా, ఇప్పుడు మార్చుకోవచ్చు. నిబంధన ఏడులో చిన్న సవరణ చేస్తే..."

ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ బల్ల మీద చెయ్యి చరచని మనిషి చరిచేసింది. కుక్కరు విజిల్ ఎగిరి కింద పడింది. "ఏమండీ! మీకు నిజంగా అర్థం కావట్లేదా, కానట్టు కూర్చున్నారా?"

ఆయన ఉలిక్కిపడి ఆమెని చూశాడు. పిచ్చుక అప్పటికే లేచి నిలబడింది. మొహం ఎర్రగా ఉంది, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"పర్లేదమ్మా, రాసుకోనీ. గెంతానని రాసుకో నాన్నా. ఏడులోనే రాసుకో. నీకు కావాల్సింది అదేగా."

అత్తగారు నోరు తెరవబోతుంటే ఆమె బల్ల కింద నుంచి ఆవిడ మోకాలు నొక్కింది. నొప్పి మోకాలే అయ్యుండాలి, ఆవిడ "అబ్బా" అని నోరు మూసుకుంది.

ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు. "ఆ తలుపు దగ్గరుండే భాగం ఉంటుంది చూడు," అన్నాడు మెల్లిగా. "అది అరిగితే, సాంకేతికంగా చెప్పాలంటే, తలుపు మూసుకున్నా మూసుకోనట్టే..."

"నాన్నా."

"సరే." ఆయన గొంతు సవరించుకున్నాడు. ఎంతమంది బిల్డర్ల ముందైనా తడబడకుండా తప్పులు చదివి వినిపించే మనిషి, మాటల కోసం తక్కెడ వైపూ, మబ్బు వైపూ, భార్య వైపూ చూశాడు. ఆమె సాయం చెయ్యలేదు. కిందపడ్డ విజిల్ తియ్యడానికి కూడా వంగలేదు. "దానికి గెంతడంతో సంబంధం లేదు. అది అరిగే ముందు కుదుపు వస్తుంది. ఆ కుదుపు గురించే పొద్దున్న నాకు చెప్పారు. వాచ్‌మన్ చెప్పినప్పుడే నాకు తెలిసిపోయింది. ఆ తర్వాత... ఎలా చెప్పాలో తెలియలేదు."

"ఎవరికి చెప్పాలి?" అంది పిల్ల.

"నీకే." తల దించుకుని, అట్ట మీదికి చూస్తూ ఏదో గొణిగాడు.

"ఏంటీ?" అంది అత్తగారు, పక్కవాటాలో చెంచా పడినా వినపడే చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "నాకేం వినపడలేదు. గట్టిగా చెప్పరా."

ఆయన తలెత్తి పిల్ల మొహంలోకి చూశాడు.

"పిచ్చుక గెంతలేదు," అన్నాడు, ఈసారి బాల్కనీ అవతలికి కూడా వినపడేలా. "లిఫ్టు చూడకుండానే బాగుందని చెప్పింది నేను. తప్పు నాది."